నాన్న కాలు ముగ్గురి పాలు

ఆ పిల్లని కాలేజీలో అందరూ ఉరుమనే పిలిచేవారు. కోపం చూసి పెట్టిన పేరు కాదు, గొంతు విని పెట్టిన పేరు. నెమ్మదిగా మాట్లాడదామని ఎంత అనుకున్నా ఆమె మాట వరండా ఆ చివరికి వినపడేది. "మాకేం చెవుడు లేదే తల్లీ!" అని స్నేహితురాళ్ళు ఆటపట్టించేవారు. ఆ గొంతు ఎక్కడి నుంచి వచ్చిందో వాళ్ళకి తెలియదు. తెలిశాక దాన్నేం చేశారో చెప్పడానికే నేనింత దూరం వచ్చాను. తలుచుకుంటేనే ఒళ్ళు మండుతోంది. మధ్యలో ఒకటీ అరా మాట తూలితే మీరే సర్దుకోండి.

ఉరుము వాళ్ళ నాన్న ఇళ్ళకి రంగులు వేసే మనిషి. ఆమె డిగ్రీలో చేరే ముందు వేసవిలో, ఒక మేడ గోడకి రంగు వేస్తూ నిచ్చెన మీది నుంచి పడ్డాడు. కింద ఇసక కుప్ప ఉంది కాబట్టి ప్రాణం దక్కింది. కుడికాలు మాత్రం రెండు చోట్ల విరిగింది. అమ్మకి ఆస్పత్రికీ ఇంటికీ తిరగడంతోనే సరిపోయేది. నాన్న ఫోను ఇంట్లో మంచం మీద పడి మోగుతూ ఉండేది. ఎత్తేవాళ్ళు లేక ఉరుము ఎత్తింది.

ఆ పనివాళ్ళలో ఒక పాడు అలవాటు ఉంది. ఒకసారి పడ్డవాణ్ణి మళ్ళీ ఎవరూ ఎత్తు మీదికి ఎక్కించరు. "ఆయన పడ్డాడటగా" అన్న మాట కాంట్రాక్టర్లలో పాకిందా, ఇక ఆ మనిషికి జన్మంతా గేట్లూ, కిటికీ చువ్వలూ, వంటింటి గోడలే. ఎత్తు పని చేసేవాడికి ఉన్న గిరాకీ వాడికుండదు. ఇది తెలిసిన పిల్ల కాబట్టి, ఫోను చేసిన ప్రతివాడికీ ఉరుము ఒకటే చెప్పింది. "నాన్న ఊళ్ళో లేరండీ, మా మేనత్తకి బాగోలేదని వెళ్ళారు. పని మాత్రం ఆగదు, మనుషుల్ని పంపిస్తున్నాను."

అలా పంపించింది కూడా. నాన్న దగ్గర పనిచేసే ఇద్దరినీ పొద్దున్నే గుమ్మంలో నిలబెట్టి నువ్వటు, నువ్విటు అని సర్దేది. వాళ్ళు ఒక్క రోజులో రెండు ఇళ్ళు ఒప్పుకుని రెండూ సగం సగం వదిలేస్తే వీధిలోనే నిలదీసేది. గోడ ఆరకముందే రెండో పూత వేయమని తొందరపెట్టే ఇంటాయనతో, "పెచ్చులూడితే మళ్ళీ మమ్మల్నే తిడతారు, రెండు రోజులాగండి బాబాయిగారూ" అని నచ్చచెప్పేది. పాలపిట్ట రంగు వేయించుకుని, తీరా వేశాక "ఇది నేనడిగిన నీలం కాదు" అని గొడవపడ్డ ఒకావిడతో గంటసేపు మాట్లాడి, చివరికి ఆవిడ చేతే బాగుందనిపించింది. ఆ ఫోనుకి అవతలి మాట సరిగ్గా వినపడేది కాదు, ఇవతల అరిచి చెప్పాలి. నాలుగు నెలలు అలా అరిస్తే ఎవరి గొంతైనా ఉరుమే అవుతుంది మరి!

నాన్న లేచి తిరిగాక ఇంట్లో ఒక కట్టుబాటు పెట్టింది కూడా ఆమే. "ఎవరడిగినా పడలేదనే చెప్పు నాన్నా. కొత్త నంబరైతే మరీను. కుంటుతున్నావేమంటే చెప్పు కరిచిందను." ఆయన బుద్ధిగా విన్నాడు. పడటం అన్న మాటే ఇంట్లో నిషేధమైపోయింది. వంటింట్లో గిన్నె పడితే, "పడలేదమ్మా, జారింది" అని ఆయనే నవ్వేవాడు. నొప్పి ఓర్చుకుంటూ మళ్ళీ నిచ్చెనలు ఎక్కాడు.

మూడేళ్ళు కావస్తోంది. ఉరుము డిగ్రీ ఆఖరి సంవత్సరానికి వచ్చింది. ఎక్కడైనా ఇంటర్న్‌షిప్ చేసి, ఆ సర్టిఫికెట్ తెచ్చి చూపిస్తే తప్ప పరీక్షకి కూర్చోనివ్వమని కాలేజీ వాళ్ళు తీరిగ్గా ప్రకటించారు. ఎక్కడ చేయాలో మాత్రం చెప్పలేదు, అది వాళ్ళ పని కాదట! బాబాయిలూ మామయ్యలూ ఆఫీసుల్లో ఉన్నవాళ్ళు ఒక్క ఫోనుతో కుదుర్చుకున్నారు. ఉరుముకి ఆఫీసులో ఉన్న చుట్టం ఒక్కరూ లేరు. ఫైలు పట్టుకుని ఎండలో మెట్లన్నీ ఎక్కి దిగింది. ఒకచోట వాచ్‌మన్ లోపలికి పోనివ్వలేదు. ఒకచోట "మెయిల్ పెట్టండి" అన్నారు. పెట్టిన మెయిల్ ఏ గంగలో కలిసిందో తెలియదు. ఇంకొకచోట, వారం క్రితం ఇచ్చిన తన రెజ్యూమే రిసెప్షన్ బల్ల మీద టీ గ్లాసు కింద కనిపించింది. తన పేరు మీద గుండ్రంగా టీ మరక! ఆ గ్లాసు తీసి పక్కన పెట్టి, కాగితం మడిచి సంచిలో వేసుకుని, ఒక్క మాట అనకుండా వచ్చేసింది. అక్కడ మాట అననందుకు ఇంటికొచ్చి తన మీద తనే పళ్ళు నూరుకుంది.

అప్పుడు కాలేజీకి సరుకు రవాణా కంపెనీ ఒకటి వస్తుందని తెలిసింది. లారీలూ, గోదాములూ, ఏ బండి ఎటు పోవాలో చూసే పని. ఆరు నెలలు ఇంటర్న్‌షిప్, బాగా చేసినవాళ్ళకి అక్కడే ఉద్యోగం. తీసుకునేది ఇద్దరు ముగ్గురినే. ఉరుము ప్రాణం లేచొచ్చింది. మనుషుల్ని సర్దడం, కోపంగా ఉన్నవాళ్ళతో ఫోన్లో మాట్లాడటం, ఇంతకంటే తనకి తెలిసిన పని ఏముంది? ఈ ఒక్కటి దొరికితే చాలు, నాన్నని నిచ్చెన దించేయవచ్చు అనుకుంది. ఆమె కోరికల్లా అదే.

ఇంటర్వ్యూలకి తయారు చేయడానికి కాలేజీ వాళ్ళు ఒక ట్రైనర్‌ని పెట్టారు. మాట్లాడితే "స్మైల్! స్మైల్!" అంటాడని పిల్లలు ఆయనకి స్మైల్ సార్ అని పేరు పెట్టారు. టై, సెంటు వాసన, నిద్రలో కూడా చెరగదేమో అనిపించే నవ్వు. కూర్చోవడం ఎలాగో, చెయ్యి ఎంత గట్టిగా కలపాలో నేర్పేవాడు. "మీ బలహీనత ఏమిటి అనడిగితే, పని ఎక్కువ చేస్తాను అనండి" అని క్లాసు మొత్తానికీ ఒకే జవాబు బట్టీ పట్టించాడు. ఆ ఏడు ఆ కాలేజీలో బద్ధకస్తుడనేవాడే లేడు.

"అన్నిటికంటే ముఖ్యమైనది మీ కష్టం" అనేవాడు. "జీవితంలో ఎదుర్కొన్న కష్టం చెప్పమంటారు. గుండె కరిగేలా చెప్పాలి. ఒక్కొక్కరే గదిలోకి వచ్చి నాకు చెప్పండి. నేను మెరుగులు దిద్దుతాను."

ఉరుము వెళ్ళింది. ఇల్లు దాటి ఎన్నడూ బయటికి రాని మాట, నాన్న పడ్డ సంగతి, మొదటిసారి ఆయన ముందు చెప్పింది. ఆయన ఫోన్లో రికార్డు చేసుకున్నాడు.

"రికార్డెందుకు సార్?"

"నీ తప్పులు నీకు వినిపించడానికమ్మా. భయపడకు, ఇది ఈ గది దాటదు. కథ అద్భుతం! కాకపోతే, నాన్న పడ్డారు అన్నచోట కాస్త కన్నీళ్ళు పెట్టుకో."

"నాకు ఏడుపు రాదు సార్."

"ప్రాక్టీస్ చెయ్యి, వస్తుంది."

ఇంటర్వ్యూ రోజు లైబ్రరీ పక్క గదిలో కంపెనీ వాళ్ళు ఇద్దరు కూర్చున్నారు. కళ్ళజోడు పెట్టుకున్న ఒక మేడమ్, ఆవిడ పక్కన చొక్కా చేతులు మడుచుకున్న కుర్రాఫీసరు. బయట బెంచీల మీద పిల్లలు పెదాలు కదుపుతూ జవాబులు వల్లె వేసుకుంటున్నారు. ఉరుము జట్టులోని పిచ్చుక అందరికంటే ముందు లోపలికి వెళ్ళింది. పిచ్చుకంటే మూడేళ్ళుగా ఉరుము పక్కనే కూర్చున్న పిల్ల, సన్నగా రివటలా ఉంటుంది. కళ్ళు తుడుచుకుంటూ బయటికి వచ్చి, ఉరుము వైపు చూడకుండా గబగబా మెట్లు దిగి వెళ్ళిపోయింది. పాపం బాగా జరగలేదేమో అని ఉరుము జాలిపడింది కూడా!

ఉరుము వంతు మధ్యాహ్నానికి వచ్చింది. ముందు ప్రశ్నలన్నిటికీ బాగా చెప్పింది. ఒకే బండి, మూడు చోట్ల సరుకు, ఎలా సర్దుతావంటే కాగితం మీద గీసి చూపించింది. మేడమ్ తల ఊపింది. అప్పుడడిగింది ఆవిడ.

"నువ్వు ఎదుర్కొన్న ఒక కష్టం చెప్పమ్మా."

"మా నాన్న ఇళ్ళకి రంగులు వేస్తారండీ. నేను డిగ్రీలో చేరే ముందు నిచ్చెన మీది నుంచి..."

కుర్రాఫీసరు కలం బల్ల మీద పడేశాడు. "పడ్డారు. కాలు విరిగింది. అప్పుడు నువ్వు ఫోను అందుకున్నావు. అంతేగా?"

ఉరుము కుర్చీలో ముందుకి జరిగింది. "మీకెలా తెలుసండీ?"

"పొద్దుట్నుంచీ వింటున్నాం. ఒకమ్మాయికి నాన్న, ఒకబ్బాయికి మామయ్య, ఇంకొకడికి అన్నయ్య. మీ కాలేజీలో ఎవరూ నిచ్చెన మీద నిలబడలేరా?"

మేడమ్ నవ్వలేదు. అది ఇంకా ఘోరం. "చూడమ్మా, పొద్దున మొదట వచ్చిన అమ్మాయి నిజంగా కుమిలిపోయింది. ఆ తర్వాత వచ్చినవాళ్ళంతా ఆ పిల్ల కష్టాన్ని ఎత్తుకొచ్చి చెబుతున్నారు. నువ్వు తెలివైనదానివి. నీకేం ఖర్మ? స్నేహితురాలి బాధ దొంగిలించడానికి సిగ్గనిపించలేదా?"

అరికాలి మంట నెత్తికెక్కింది ఉరుముకి. ఎక్కదూ? తన నాన్న, తన నాలుగు నెలలు, తన గొంతు! మొదట చెప్పినవాళ్ళదట కథ! తర్వాత చెప్పినవాళ్ళు దొంగలట!

"అది నాది!" అంది. ఆ మాట బయట బెంచీల దాకా వినపడింది. "ఆ పడ్డది మా నాన్న. ఏడవడం రాకపోతే అబద్ధమేనా? ఇదిగో ఫారంలో ఆయన నంబరుంది. ఇప్పుడే చేయండి. మీరే అడగండి."

కుర్రాఫీసరుకి సరదా పుట్టింది. "చేస్తాను. కానీ నువ్వు మధ్యలో మాట్లాడకూడదు. ఒక్క మాటన్నా నేర్పుతున్నావనే అనుకుంటాం."

"మాట్లాడను."

ఆయన తన ఫోను తీసి నంబరు నొక్కి స్పీకర్ పెట్టాడు. రెండు సార్లు మోగగానే అటునుంచి నాన్న గొంతు, అలవాటైన గట్టి గొంతు, గదిలోకి వచ్చింది. "చెప్పండి సార్!"

"ఏమండీ, మీరు పెయింటరే కదా? మీరు నిచ్చెన మీది నుంచి పడ్డారని విన్నాం. నిజమేనా?"

ఎవరో ఏమిటో చెప్పకుండా అలా అడిగితే ఆయనకేం తెలుస్తుంది? కొత్త నంబరు. కొత్త గొంతు. పడ్డారా అనే ప్రశ్న. దానికి ఏం చెప్పాలో మూడేళ్ళ క్రితం తనే నేర్పింది.

"నేనా? పడటమా?" నాన్న పెద్దగా నవ్వాడు. "ఎవరో గిట్టనివాళ్ళు చెప్పుంటారు సార్. నా సర్వీసులో కాలు జారింది లేదు. ఎన్ని అంతస్తులైనా ఎక్కుతాను. పని ఎక్కడ సార్? రేపే వచ్చి చూసుకుంటాను."

"అవసరమైతే చేస్తాం" అని ఆఫీసరు ఫోను పెట్టేశాడు. మేడమ్ ఫారం మూసేసింది. ఉరుము నోరు తెరిచింది. మా నాన్న అబద్ధం చెబుతున్నాడు, ఆ అబద్ధం నేనే నేర్పాను, కాబట్టి నన్ను నమ్మండి! ఏ మొహం పెట్టుకుని అంటుంది? లేచి, కుర్చీ వెనక్కి తన్నినంత పని చేసి, బయటికి వచ్చింది.

మెట్ల కింద పిచ్చుక దొరికింది. దాని మొహంలో రక్తం లేదు.

"నీకెవరు చెప్పారే?" అంది ఉరుము.

"స్మైల్ సార్ ఇచ్చారు. నాకు కష్టాలేం లేవు సార్ అంటే, ఇది నేర్చుకో అని వినిపించారు. గొంతు నీదని తెలిసింది."

"తెలిసి కూడా చెప్పావా?"

"నీకు మాటలొచ్చు కదే. నువ్వు ఇంకేదైనా చెప్పుకుంటావనుకున్నాను. నాకేం ఉంది?" అని పిచ్చుక ఏడుపు మొదలుపెట్టింది. ఈసారి నిజం ఏడుపే కావచ్చు. మూడేళ్ళు ఒకే బెంచీ మీద కూర్చున్న పిల్ల! చెంప పగలగొడదామని ఉరుము చెయ్యెత్తింది, కొట్టలేక దించుకుంది.

స్మైల్ సార్ స్టాఫ్ గదిలో అద్దం ముందు టై సర్దుకుంటున్నాడు. ఉరుము అడిగినదంతా విని నవ్వు చెదరకుండా అన్నాడు. "కథ ఒకరి సొత్తు కాదమ్మా. పదిమందికి పనికొస్తే మంచిదేగా? నీ పేరు చెప్పలేదు కూడా. అయినా నీ టైమింగ్ బాలేదు. బాధపడకు, గురువారం ఇంకో కంపెనీ వస్తోంది. నీకు వేరేది ఇస్తాను. ఒకబ్బాయి వాళ్ళమ్మకి చూపు పోయింది. చాలా బాగుంటుంది, ఆడపిల్ల చెబితే ఇంకా పండుతుంది."

ఆ మనిషిని ఏమనాలో మీరే చెప్పండి. నాకైతే నోటికొచ్చిన తిట్లు ఇక్కడ అనలేను. ఉరుము మాత్రం ఒక్కటే అంది. "ఆ అబ్బాయెవరో నాకు చెప్పకండి. చెబితే ఇక్కడే అరుస్తాను. వాళ్ళమ్మ కళ్ళని కూడా పంచిపెడుతున్నారని కాలేజీ మొత్తానికీ వినపడేలా అరుస్తాను." స్మైల్ సార్ నవ్వు మొదటిసారి ఆగింది. తలుపు దగ్గరికేసుకున్నాడు.

సాయంత్రాలు నాన్న రంగుల కొట్టు ముందు ఉంటాడు. మర్నాటి పనికి కాంట్రాక్టరు మనుషుల్ని ఎంచుకునేది అక్కడే. ఉరుము వెళ్ళేసరికి ఖాళీ డబ్బాల మీద నలుగురైదుగురు కూర్చుని ఉన్నారు. కాంట్రాక్టరు మోటారు సైకిలుకి ఆనుకుని నిలబడ్డాడు. నాన్న మొహం వెలిగిపోతోంది.

"రావే, రా! మధ్యాహ్నం ఎవరో పెద్దాఫీసు వాళ్ళు ఫోను చేశారు. పడ్డావటగా అని గుచ్చి అడిగారు. నేను దొరుకుతానా? నువ్వు చెప్పినట్టే చెప్పాను. పెద్ద పనే వచ్చేట్టుంది."

దారంతా ఆయన మీద అరుద్దామనే వచ్చింది ఉరుము. అరిచింది కూడా. "ఆ ఫోను నా ఇంటర్వ్యూ గదిలోంచి నాన్నా! నువ్వు పడ్డావని నేను చెబితే నమ్మలేదు. నీ నోటితో విందామని చేశారు. నువ్వేమో నవ్వి, పడలేదన్నావు. నీ కాలు ముగ్గురు చెప్పుకున్నారు. ఒకత్తి ఏడ్చి మెప్పించింది. దొంగననిపించుకున్నది నేనొక్కదాన్నే!"

వీధి మొత్తం విన్నది. డబ్బాల మీద కూర్చున్నవాళ్ళు తలెత్తారు. కాంట్రాక్టరు నాన్న కుడికాలి వైపు చూశాడు. అప్పుడు గాని తనేం చేసిందో ఉరుముకి తెలిసిరాలేదు. మూడేళ్ళు దాచినది తన నోటితోనే, ఎవరి ముందు అనకూడదో వాళ్ళ ముందే అనేసింది.

నాన్న నేల చూశాడు. "ఏదో చిన్నపిల్ల, కోపంలో అంటోంది" అని నవ్వేసి ఉంటే సరిపోయేది. కాంట్రాక్టరు నమ్మేవాడేమో. ఉరుము కూడా ఆయన అదే అంటాడనుకుంది, అనాలనే కోరుకుంది.

ఆయన ఫోను తీసి మధ్యాహ్నం వచ్చిన నంబరు నొక్కాడు. చేతులకి రంగుంటుంది కాబట్టి ఎప్పుడూ స్పీకర్‌లోనే మాట్లాడతాడు.

"సార్, మధ్యాహ్నం మీరు మాట్లాడిన పెయింటర్ని. నేను పడ్డాను సార్."

"ఎవరండీ?" అన్నాడు కుర్రాఫీసరు.

"నేను పడ్డాను. నిచ్చెన మీది నుంచి. కుడికాలు రెండు చోట్ల విరిగింది. ఇప్పటికీ ఎక్కి దిగితే నొప్పే. పని పోతుందని దాచాను. మా అమ్మాయి చెప్పింది నిజం."

"అయ్యో, తీసుకున్నవాళ్ళ లిస్టు పంపించేశామండీ. ఇప్పుడేం చేయలేం."

"ఉద్యోగం మీ ఇష్టం సార్. అది అబద్ధం చెప్పలేదని ఒక్క మాటనండి చాలు."

"సరేనండీ, చెప్పలేదు. ఉంటాను మరి."

"నాకు కాదు సార్. అది నా పక్కనే ఉంది. దానికి చెప్పండి."

అవతల ఫోను కట్ అయింది. ఆ రెండు ముక్కలు ఒక ఆడపిల్లతో అనడానికి అంత పెద్ద కంపెనీవాడికి నోరు రాలేదు చూడండి!

కాంట్రాక్టరు గొంతు సవరించుకున్నాడు. డబ్బా మీద కూర్చున్న ఒకతని వైపు తిరిగి, "రేపు ఆ మేడ బయటి గోడకి నువ్వు రా" అన్నాడు. ఆ పనికి పొద్దున నాన్నని రమ్మన్నది ఆయనే. బండి స్టార్ట్ చేసుకుని వెళ్ళిపోయాడు.

నాన్న అది విన్నాడు. విని, మళ్ళీ అదే నంబరు నొక్కాడు. ఎత్తలేదు. మళ్ళీ నొక్కాడు.

"చాలు నాన్నా, వదిలెయ్యి" అంది ఉరుము. ఎప్పుడూ లేనిది, ఆమె గొంతు పక్కవాళ్ళకి కూడా వినపడలేదు. "ఇంటికి పోదాం పద."

"నువ్వూరుకో" అన్నాడాయన. "నాలుగు నెలలు నా బదులు నువ్వు మాట్లాడావు. ఇది నన్ను మాట్లాడనీ. వాడు నీతో ఆ మాట అనేదాకా చేస్తాను. రేపు పొద్దున నాకు పనేం ఉంది గనక?"

కొట్టువాడు దీపం వేశాడు. నాన్న ఫోను అరచేతిలో పెట్టుకుని నిలబడ్డాడు. అవతల మోగుతూనే ఉంది. ఉరుము వెళ్ళి ఆయన కుడివైపు నిలబడింది.